ఫోన్ పట్టుకున్నందుకు పంజా చేతుల మనవళ్లు పుట్టరు

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు. ఈమధ్య ఒక వీడియోలో భవిష్యత్తు మనిషి బొమ్మ చూశాడు. మెడ ముందుకు వాలి, వీపు గూనిగా, చేతివేళ్లు ఫోన్ పట్టుకున్నట్టే బిగుసుకుపోయి, కంటికి అదనంగా ఇంకో రెప్ప. మావారు అదే అదనుగా "చూశావా, ఫోన్ వదలకపోతే నీ పిల్లలూ మనవళ్లూ ఇలాగే పుడతారు" అన్నారు. అప్పటినుంచి వాడు మాటిమాటికీ చేతులు చూసుకుంటున్నాడు, రాత్రి సరిగ్గా నిద్రపోవడం లేదు. మా మరిది ఇంకొకటి ఎక్కించాడు. డాక్టర్లు అందరినీ బతికించేస్తున్నారు కాబట్టి మనిషి జాతి రానురాను బలహీనపడిపోతుందట. ఇది చాలదన్నట్టు స్కూల్లో "10 లక్షల ఏళ్ల తర్వాత మనిషి" అని వ్యాసం రాసి బొమ్మ గీయమన్నారు. వాడికి ఏం చెప్పాలి? వ్యాసంలో ఏం రాయమనాలి?
ఒక తల్లి

జవాబు: ముందు బాబు టెన్షన్ సంగతి చూద్దాం, వ్యాసం తర్వాత. ఫోన్ ఎంతసేపు పట్టుకున్నా వాడి పిల్లలకు అలాంటి చేతులు రావు. రాకపోవచ్చు అని కాదు, రావు. ఈ మాట ఈ రాత్రే చెప్పండి. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చెబితే ఇంకా మంచిది, భయం మొదలైంది అక్కడే కాబట్టి.

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది కొన్నేళ్ల కిందట ఒక వ్యాపార సంస్థ ప్రచారం కోసం చేయించుకున్న త్రీడీ బొమ్మ అయి ఉంటుంది. జనం నోళ్లలో నానాలని చేయించారు, నానింది. దాని వెనకున్న ఆలోచన మాత్రం పాతదే. ఒంట్లో ఏ భాగాన్ని ఎలా వాడితే అది అలా మారుతుందని, ఆ మార్పు పిల్లలకూ వస్తుందని 1809లో ఫ్రాన్స్‌లో లామార్క్ రాశాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. అందుకే అది తప్పని తేలి ఇంతకాలమైనా ఇప్పటికీ అందరి నోటా అదే వస్తుంది.

12 ఏళ్ల పిల్లలు ఊరికే "ఏం కాదులే" అంటే నమ్మరు. ఎలుకల కథ చెప్పండి. 1880ల చివర్లో ఆగస్ట్ వైస్‌మన్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త ఎలుకల తోకలు కత్తిరించాడు. వాటికి పుట్టిన పిల్లల తోకలూ కత్తిరించాడు. వాటి పిల్లలవీ అంతే. ఐదు తరాల్లో 900కు పైగా పిల్లలు పుట్టాయి, ఒక్కటంటే ఒక్కటి కూడా తోక లేకుండా పుట్టలేదు. పాపం ఎలుకలు. కానీ విషయం తేలిపోయింది. పెద్దయ్యాక ఒంటికి జరిగినదాన్ని పట్టుకెళ్లి అండంలోనో వీర్యకణంలోనో రాసిపెట్టే ఏర్పాటు ఒంట్లో లేదు. వేలు వంగితే వేలు వంగినట్టే, ఆ కబురు పిల్లల దాకా పోదు. తల్లిదండ్రుల తిండి, ఒత్తిడి లాంటివి జన్యువుల మీద కొన్ని రసాయన గుర్తులు వదులుతాయనీ, వాటి ప్రభావం కొంత పిల్లల దాకా రావచ్చనీ చెప్పే పరిశోధనలు ఉన్నాయి. మీ మరిది ఆ మాట ఎత్తినా ఎత్తవచ్చు. అవేవీ వేళ్లను పంజాలుగా మార్చి తరతరాలకూ అంటగట్టేవి కావు.

పిల్లల్లో మార్పు వచ్చే దారి వేరు. మన జన్యువుల్లో 300 కోట్ల అక్షరాల పాఠం ఉంటుంది, తల్లినుంచి ఒక ప్రతి, తండ్రినుంచి ఒక ప్రతి. అది ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ప్రతి బిడ్డలోనూ తల్లిలో గాని తండ్రిలో గాని లేని కొత్త మార్పులు సుమారు 60, 70 ఉంటాయి. వాటినే మ్యుటేషన్లు అంటాం. ఎక్కువ భాగం తండ్రి వైపునుంచే వస్తాయి, తండ్రి వయసు ఏడాది పెరిగితే ఒకటో రెండో ఎక్కువవుతాయి. ఫోన్ వల్ల కాదు, వయసు వల్ల. మీవారికి ఈ సంగతి కూడా చెవిన వేయవచ్చు.

ఈ మార్పుల్లో చాలావరకు మంచీ చేయవు, చెడూ చేయవు. ఎప్పుడో ఒకటి పనికొస్తుంది. పనికిరావడమంటే ఇక్కడ ఒకటే లెక్క: అది ఉన్నవాళ్లకు, లేనివాళ్లకంటే, బతికి పెరిగే పిల్లలు సగటున కాస్త ఎక్కువమంది ఉండాలి. తెలివి, అందం, సౌకర్యం నేరుగా ఈ లెక్కలోకి రావు. భవిష్యత్తు మనిషి గురించి ఎవరు ఏ జోస్యం చెప్పినా ఈ ఒక్క ప్రశ్న వేసి చూడండి: ఈ లక్షణం ఉన్నవాళ్లకు పిల్లలు ఎక్కువ పుడతారా? పంజా చేతులున్న వాళ్లకు పిల్లలు ఎందుకు ఎక్కువ పుడతారో నాకైతే ఎంత ఆలోచించినా తోచలేదు.

వాడకానికీ వారసత్వానికీ తేడా చూపించడానికి బజావు జనం కంటే మంచి ఉదాహరణ లేదు. ఆగ్నేయాసియా సముద్రాల్లో తరతరాలుగా పడవల మీదే బతికినవాళ్లు. ఊపిరి బిగబట్టి, చెక్క కళ్లద్దాలు పెట్టుకుని 70 మీటర్ల లోతుకు కూడా మునుగుతారు. ఊపిరి బిగబట్టి మునిగినప్పుడు ప్లీహం (కడుపులో ఎడమవైపు ఉండే స్ప్లీన్ అనే అవయవం) ముడుచుకుని, అందులో దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. ప్లీహం ఎంత పెద్దదైతే నీటి కింద అంత ఎక్కువసేపు ఉండొచ్చు. ఇండోనేషియాలో స్కానింగ్ యంత్రంతో కొలిచి 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పక్కనే నేల మీద బతికే సలువన్ జనం కంటే బజావు వాళ్ల ప్లీహం సగటున 50 శాతం పెద్దది. రోజూ మునగడం వల్లే పెరిగిందేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే అసలు మునగని బజావు వాళ్లనూ కొలిచారు. వాళ్లదీ పెద్దదే. అంటే అది సాధనతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. ప్లీహం పెద్దగా ఉండే జన్యువు ఉన్నవాళ్లు నీళ్లలో ఎక్కువగా నెగ్గుకొచ్చి ఎక్కువమంది పిల్లల్ని కన్నారు. కొన్ని వేల ఏళ్లకు జనమే మారింది. ఈ కథ వ్యాసంలో తప్పకుండా పెట్టమనండి.

ఇప్పుడు మీవారికి ఒక మాట. ఫోన్ తగ్గించమనడం తప్పు కాదు, చెప్పిన కారణం తప్పు. మనవళ్ల దాకా పోనక్కర్లేదు, వాడి సొంత కళ్లే ఉన్నాయి. ఎక్కువసేపు దగ్గరగా చూసే పనుల్లో, నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లలకు దూరపుచూపు మందగించడం ప్రపంచమంతటా పెరుగుతోంది. తూర్పు ఆసియా నగరాల్లో హైస్కూలు పూర్తిచేసే పిల్లల్లో 80 శాతానికి పైగా కళ్లద్దాలు అవసరమైనవాళ్లే. రెండు మూడు తరాల్లో జన్యువులు ఇంతగా మారవు, ఇది పూర్తిగా పెరిగే తీరు వల్ల వచ్చిన మార్పు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని స్కూళ్ల పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్లలో వాళ్లలో కొత్తగా చూపు మందగించినవాళ్లు 30 శాతం, మామూలుగా ఉన్న స్కూళ్లలో దాదాపు 40 శాతం. కాబట్టి "బయటికెళ్లి ఆడుకో, కళ్లు బాగుంటాయి" అంటే సరిపోతుంది. అబద్ధం అక్కర్లేదు, భయం అంతకన్నా అక్కర్లేదు.

"మరి వాడకపోతే అవయవాలు పోతాయి కదా, మనకు తోక పోలేదా?" అని బాబు ఎదురు ప్రశ్న వేస్తాడు. వేయాలి కూడా. అప్పుడు ఒక చిన్న పని చేయించండి. అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి, మణికట్టును కాస్త లోపలికి వంచమనండి. చాలామందికి మణికట్టు మధ్యలో ఒక నరం లాంటిది తాడులా పైకి తేలుతుంది. అది నరం కాదు, ఒక సన్నటి కండరం తాలూకు కొస. సుమారు 15 శాతం మందికి ఒక చేతిలోనో రెండు చేతుల్లోనో అది ఉండనే ఉండదు. కొన్ని జనాల్లో ఇంకా తక్కువమందికి, కొన్నింట్లో ఎక్కువమందికి ఉండదు. లేనివాళ్ల పట్టు ఏమీ తగ్గదు. ఇంకెక్కడైనా ఇలాంటి కండరం కొస (స్నాయువు) తెగితే సర్జన్లు దీన్నే తీసి అతుకు వేస్తారు, అంత నిశ్చింతగా తీసేయొచ్చన్నమాట. ఇంట్లో అందరి చేతులూ చూడమనండి. చేతులు చూసుకునే అలవాటు ఎలాగూ పడింది కదా, ఈసారి సరదాగా చూసుకుంటాడు.

అయితే ఈ కండరం వాడకపోవడం వల్ల అలిగి పోవడం లేదు. అది లేకుండా పుట్టినా నష్టం లేదు కాబట్టి, లేకుండా చేసే మార్పును వడకట్టి ఆపేది ఏదీ లేదు. అంతే తేడా. కొన్నిచోట్ల అవయవం ఉండటమే ఖర్చవుతుంది. మెక్సికో గుహల్లో కళ్లు లేని చేపలున్నాయి. వాటి జాతిలోనే బయట నదుల్లో ఉండే చేపలకు కళ్లు ఉంటాయి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ చేప విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తిలో 15 శాతం దాకా చూపుకే పోతుందని లెక్కగట్టారు. చీకట్లో, తిండి దొరకని చోట, కళ్లు లేనిదే మిగులుతుంది. ఇక మన తోక విషయం ఇంకా విచిత్రం. 2024లో వచ్చిన పరిశోధన ప్రకారం సుమారు 2.5 కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల్లో ఒక జన్యువు మధ్యలోకి ఒక డీఎన్‌ఏ ముక్క వచ్చి ఇరుక్కుంది. తోక పోవడంలో దానికి పెద్ద పాత్ర ఉందంటున్నారు. ఎలుకల్లో అదే తరహా మార్పు చేస్తే కొన్ని పొట్టి తోకతో, కొన్ని అసలు తోకే లేకుండా పుట్టాయి. వైస్‌మన్ కత్తెరతో ఐదు తరాలు ఎదురుచూసినా రానిది జన్యువును ముట్టుకోగానే వచ్చేసింది.

ఇక మీ మరిది మాట. ఇందులో పావు వంతు నిజం ఉంది, మిగతా ముప్పావు ప్రమాదం. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

నిజమైన పావు ఇది: ఒకప్పుడు పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మంది పెద్దవాళ్లు కాకుండానే పోయేవాళ్లు. చరిత్రలో ఎక్కువ కాలం, ఎక్కువ చోట్ల ఇదే పరిస్థితి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఐదేళ్ల లోపు పోయే పిల్లలు నూటికి నలుగురి కంటే తక్కువ. అంటే జబ్బులూ ఆకలీ చేసే వడపోత బాగా తగ్గింది. సిజేరియన్లు కూడా అంతే. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి ఐదు కాన్పుల్లో ఒకటి ఆపరేషన్ కాన్పే. ఒకప్పుడైతే బిడ్డ తల పట్టనంత ఇరుకు కటి ఉన్న తల్లులు, వాళ్ల బిడ్డలు బతికేవాళ్లు కాదు. ఇప్పుడు బతుకుతున్నారు, ఆ లక్షణం ముందుకు సాగుతోంది. అలా బిడ్డ తల పట్టని కేసులు ఈ యాభై అరవై ఏళ్లలో వెయ్యికి 30 నుంచి 36 దాకా పెరిగి ఉండొచ్చని వియన్నా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఒక అంచనా ఇచ్చారు. అది ఆసుపత్రి రికార్డులు చూసి తేల్చింది కాదు, గణితంతో వేసిన లెక్క. దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఒకవేళ నిజమే అనుకున్నా, నాకు అందులో వినిపించేది ఒక్కటే, తల్లులు బతుకుతున్నారని.

వడపోత తగ్గిందంటే ఆగిపోయిందని కాదు, చోటు మారింది. ఇప్పుడు దాదాపు అందరూ పెద్దవాళ్లు అవుతున్నారు కాబట్టి తేడా అంతా ఎవరు ఎంతమంది పిల్లల్ని కంటున్నారన్న దగ్గర వస్తోంది. దీన్ని మనుషుల్లో నేరుగా కొలిచి చూసిన సందర్భం ఒకటుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో గుండె జబ్బుల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆ ఊరివాళ్ల ఎత్తు, బరువు, బీపీ, కొలెస్ట్రాల్ తరం తర్వాత తరం రాసుకుంటూనే ఉన్నారు. గుండె కోసం రాసిపెట్టిన ఆ లెక్కల్ని ఇంకో బృందం తీసుకుని, పిల్లల సంఖ్యతో జోడించి చూసింది. కాస్త పొట్టిగా, కాస్త బొద్దుగా, కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్న ఆడవాళ్లకు పిల్లలు ఎక్కువ. ఇదే ధోరణి పది తరాలు సాగితే అక్కడి ఆడవాళ్లు సగటున 2 సెంటీమీటర్లు పొట్టిగా, ఒక కిలో బరువుగా ఉంటారని, వాళ్లకు నెలసరి ఇంకొంచెం ఆలస్యంగా ఆగుతుందని తేల్చారు.

పది తరాలంటే సుమారు 250 ఏళ్లు. అంతకాలానికి 2 సెంటీమీటర్లు! అదీ ధోరణి మారకుండా ఉంటే. ఈలోగా తిండి కాస్త మెరుగైతే చాలు, ఒక్క తరంలో అంతకంటే ఎత్తు పెరుగుతారు. జన్యువుల నడక అంత నిదానం. జాతి కుప్పకూలుతుందని భయపడేవాళ్లు ఈ వేగాన్ని మరిచిపోతారు. ఐస్‌లాండ్‌లో లక్ష మందికి పైగా జన్యువులు చూసి, ఎక్కువ ఏళ్లు చదువుకోవడంతో ముడిపడిన జన్యు మార్పులు 20వ శతాబ్దంలో రవ్వంత తగ్గాయని 2017లో చెప్పారు. ఎక్కువ చదివినవాళ్లు ఆలస్యంగా, తక్కువమంది పిల్లల్ని కన్నారు కాబట్టి. కానీ అదే శతాబ్దంలో చదువుకున్నవాళ్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. బడి కట్టడం జన్యువు మారడం కంటే త్వరగా అయ్యే పని.

"బలహీనం" అనేది ఎక్కడ, ఎప్పుడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. సికిల్ సెల్ జన్యువు తల్లినుంచీ తండ్రినుంచీ రెండు వైపులా వస్తే తీవ్రమైన జబ్బు. ఒక్క వైపునుంచే వస్తే, ఆ మనిషికి ప్రాణాంతకమైన మలేరియా నుంచి మంచి రక్షణ. 1950ల్లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఇది గమనించాడు. మలేరియా ఉన్న చోట ఆ జన్యువు కాపాడింది, దోమ లేని చోట అదే భారం. దీన్ని బలమైన జన్యువు అందామా, బలహీనమైనది అందామా?

ప్రమాదం ఉన్న ముప్పావు వంతు ఇక్కడే. ఎవరు పనికొస్తారో ఎవరు రారో మేం తేలుస్తామని మనుషులు ఒకసారి బయల్దేరారు. 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ దానికి యూజెనిక్స్ అని పేరు పెట్టాడు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బలవంతపు ఆపరేషన్లకు సరే అంది. ఆ దేశంలో 60 వేల మందికి పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1933లో జర్మనీలో నాజీలు చట్టం చేసి సుమారు 4 లక్షల మందికి చేశారు, అక్కడితో ఆగలేదు కూడా. మొదలైంది మాత్రం "జాతి బలహీనపడుతోంది" అన్న ఈ మాటతోనే. మీ మరిది కబుర్లలో అన్నదానికి ఇంత పెద్ద నింద వేయడం లేదు. పిల్లాడి ముందు మాత్రం ఆ మాట అలా వదిలేయకండి. వాడి క్లాసులో ఇన్సులిన్ తీసుకునే పిల్ల ఉండొచ్చు, దళసరి కళ్లద్దాల పిల్లాడు ఉండొచ్చు. వాళ్లను ఏ చూపుతో చూడాలో వాడు ఇలాంటి మాటల్లోంచే నేర్చుకుంటాడు.

ఇక అసలు దూరం, 10 లక్షల ఏళ్లు. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే 40 వేల తరాలు. పెద్ద మార్పులకు సరిపడా కాలమే. కొత్త జాతి పుడుతుందా అంటే, కాలం ఒక్కటే చాలదు, విడిపోవాలి. ఒక గుంపు మిగతావాళ్లతో పెళ్లీ పిల్లలూ లేకుండా చాలాకాలం వేరుగా ఉండాలి. ఎంతకాలం? ఇప్పుడు అంతరించిపోయిన మరో రకం మనుషులైన నియాండర్తల్‌లూ మన పూర్వీకులూ 5 లక్షల ఏళ్లకు పైగా వేర్వేరు దారుల్లో నడిచారు. అయినా సుమారు 50 వేల ఏళ్ల కిందట ఎదురుపడినప్పుడు పిల్లల్ని కన్నారు. ఆఫ్రికా బయటి మూలాలున్న వాళ్ల జన్యువుల్లో ఒకటి రెండు శాతం ఇప్పటికీ నియాండర్తల్‌లదే. 2010లో స్వాంటే పాబో బృందం ఇది బయటపెట్టింది, 2022లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంతకాలం విడిపోయినా పూర్తిగా పరాయివాళ్లు కాలేదంటే, 800 కోట్ల మంది విమానాలెక్కి కలిసిపోతున్న ఈ రోజుల్లో భూమ్మీద మనిషి రెండు జాతులుగా చీలతాడని అనుకోవడానికి కారణం కనపడదు. ఇప్పుడు జరుగుతున్నది దానికి పూర్తిగా ఉల్టా.

చిన్న గుంపు ఒంటరిగా పడిపోతే మాత్రం కథ వేరు. పసిఫిక్ మహాసముద్రంలో పింగెలాప్ అనే చిన్న దీవి ఉంది. 1775 ప్రాంతంలో పెద్ద తుఫాను వచ్చి, దాని తర్వాత కరువు పడి, సుమారు 20 మంది మిగిలారు. వాళ్లలో ఒకరి దగ్గర, ఆ దీవి పాలకుడి దగ్గరే అంటారు, రంగులు బొత్తిగా కనపడకుండా చేసే జన్యువు ఉంది. ఆ 20 మంది నుంచే మళ్లీ దీవి నిండింది. ఇవాళ అక్కడి మూలాలున్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి రంగులు తెలియవు, పగటి వెలుతురు భరించలేరు. మిగతా ప్రపంచంలో ఇది ఏ 30 వేల మందిలోనో ఒకరికి. ఆ జన్యువు వల్ల ఎవరికీ లాభం లేదు. చిట్టీలు వేసి తీసినట్టు ఎవరు మిగిలారో వాళ్ల జన్యువులే సాగాయి. జనం తక్కువైతే అదృష్టానిదే పైచేయి అవుతుంది.

దీవి ఇంకా ఎక్కువకాలం పట్టి ఉంచితే ఏమవుతుందో ఇండోనేషియాలోని ఫ్లోరెస్ చూపించింది. అక్కడ ఒక గుహలో 2003లో దొరికిన అస్థిపంజరం పూర్తిగా ఎదిగిన మనిషిదే, ఎత్తు మాత్రం మీటరుకు కాస్త పైన. మెదడు దాదాపు చింపాంజీది అంత. అయినా ఆ జాతి మనుషులు రాతి పనిముట్లు చేసుకుని సుమారు 50 వేల ఏళ్ల కిందటి దాకా బతికారు. భవిష్యత్తు మనిషికి బుర్ర గుమ్మడికాయంత అవుతుందని గీసే బొమ్మలకు ఇదొక్కటి చాలు. మెదడు పెరుగుతూనే పోవాలన్న నియమం ఎక్కడా లేదు. నియాండర్తల్ మెదడు మనకంటే చిన్నదేమీ కాదు, వాళ్లు లేరు.

మళ్లీ అలాంటి దీవి వస్తే అది అంగారకుడే కావచ్చు. అక్కడ బరువు భూమ్మీది బరువులో 38 శాతమే. అంతరిక్ష కేంద్రంలో భారరహిత స్థితిలో వ్యోమగాముల తుంటి, నడుము ఎముకలు నెలకు ఒకటి ఒకటిన్నర శాతం చొప్పున పలచబడతాయి. రేడియేషన్ ఎక్కువ కాబట్టి మ్యుటేషన్లూ ఎక్కువ కావచ్చు. వెళ్లేది కొద్దిమంది, అంటే పింగెలాప్ చిట్టీలు అక్కడా ఉంటాయి. రాకపోకలు తెగిపోయి వేల తరాలు గడిస్తే అక్కడివాళ్లు మనలా ఉండరని నేను ధైర్యంగా చెబుతాను. ఎలా ఉంటారని అడిగితే చెప్పను. గర్భం, కాన్పు అంత తక్కువ బరువులో ఎలా సాగుతాయో మనుషుల్లో ఎవరూ చూడలేదు, అక్కడ వడపోత మొదలయ్యేదే వాటి దగ్గర.

ఇంకొక దారి ఉంది, దానికి లక్షల ఏళ్లు అక్కర్లేదు. 2018లో హ జ్యన్‌క్వే అనే చైనా శాస్త్రవేత్త పిండం దశలోనే జన్యువు కత్తిరించి, హెచ్‌ఐవీ సోకకుండా చేయాలని చూశాడు. కవల ఆడపిల్లలు పుట్టారు. ప్రపంచం మండిపడింది, 2019 చివర్లో అతనికి మూడేళ్ల జైలు పడింది. మండిపడటానికి కారణం ఉంది. అలాంటి మార్పు ఆ పిల్లలతో ఆగదు, వాళ్ల పిల్లలకూ పోతుంది, అడిగి చేసింది కాదు. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన సికిల్ సెల్ చికిత్స కూడా జన్యువును కత్తిరించేదే. కానీ అది రోగి రక్తకణాల వరకే, పిల్లలకు పోదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీస్తారన్నదే భవిష్యత్తు మనిషిని నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. బజావు వాళ్లకు వేల ఏళ్లు పట్టిన మార్పును ఒక తరంలో ప్రయోగశాలలో చేసేయగలిగితే, ఇంతసేపూ నేను చెప్పిన నిదానపు లెక్కలు పక్కన పెట్టాల్సిందే. మెదడులో చిప్పులు, కృత్రిమ చేతులు మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి ఎవరికి వారు పెట్టుకోవాల్సిందే, పిల్లలు వాటితో పుట్టరు.

ఇక వ్యాసం. 10 లక్షల ఏళ్ల తర్వాత మనిషికి ఇలాంటి ముక్కు, అలాంటి కళ్లు అని రాయవద్దనండి. ఎవరికీ తెలియదు, టీచరుకూ తెలియదు. దానికి బదులు ఒక చోటు ఎంచుకోమనండి: అంగారకుడో, సముద్రం చుట్టుముట్టిన ఒంటరి దీవో. అక్కడికి ఎంతమంది వెళ్లారు, మిగతావాళ్లతో రాకపోకలు ఉన్నాయా, అక్కడ పిల్లలు బతికి పెరగడానికి పెద్ద అడ్డం ఏమిటి, అది దాటడానికి ఒంట్లో ఏ తేడా సాయపడుతుంది, ఇవి రాస్తే చాలు. అసలు 10 లక్షల ఏళ్లు మనం ఉంటామా అన్నది కూడా ఒక పేరా రాయొచ్చు. క్షీరదాల్లో ఒక జాతి సగటున నిలిచేది దాదాపు అంతే. మనం వచ్చి 3 లక్షల ఏళ్లు అయింది.

బొమ్మకు మూడు గళ్లు గీయమనండి. మొదటి దాంట్లో మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మనిషి, మన జాతిలో ఇప్పటిదాకా దొరికినవాళ్లలో అందరికంటే పాతవాడు, సుమారు 3 లక్షల ఏళ్లవాడు. ముఖం దాదాపు మనదే, తల వెనక భాగం మాత్రం మనలా గుండ్రంగా కాకుండా కాస్త కోలగా ఉంటుంది. రెండో దాంట్లో వాడు తన బొమ్మే గీసుకోవచ్చు. 12 వేల తరాలకు వచ్చిన తేడా ఎంతో ఆ రెండూ పక్కపక్కన పెడితే కనపడుతుంది. మూడో గడిలో వాడు ఎంచుకున్న చోటి మనిషి. కింద మాత్రం ఎక్కడ, ఎంతమంది, ఎన్ని తరాలు అని మూడు ముక్కలు తప్పకుండా రాయమనండి.